జ్వరమునకు కొలత దొరికిన విధము – ఫారెన్‌హైటు జీవితము

వేసవికాలములో మన ఎల్లంతకుంట చుట్టుప్రక్కల పగటి ఎండ 44 డిగ్రీలు దాటెనని వార్తలలో చెప్పుదురు. అదే వారములో ఏ యింటికైనను పరామర్శకు పోయినయెడల, బిడ్డకు 102 డిగ్రీల జ్వరమున్నదని తల్లి చెప్పును. ఆదివారపు బడి పిల్లలలో ఒకడు దీనిని పట్టుకొని మమ్మును ప్రశ్నించెను. బండలు కాలునంతటి ఎండకు 44 అయినప్పుడు, మంచముమీద పండుకొనిన పసివాని ఒంటికి 102 ఎట్లు వచ్చినదని వాని సందేహము. ఇది తెలివిగల సందేహము. పెద్దవారిలోను అనేకులకు ఇది కలిగియుండును గాని, వారు అడుగుటకు సిగ్గుపడుదురు.

జవాబు కష్టమైనది కాదు. ఎండను మనము ఒక కొలతతో చెప్పుచున్నాము, జ్వరమును వేరొక కొలతతో చెప్పుచున్నాము. ఎండ లెక్క సెల్సియసు డిగ్రీలలో, జ్వరపు లెక్క ఫారెన్‌హైటు డిగ్రీలలో. రెంటిని ఒకే కొలతలోనికి తెచ్చినయెడల 44 డిగ్రీల ఎండ ఫారెన్‌హైటులో 111 డిగ్రీలకు పైన అగును. 102 డిగ్రీల జ్వరము సెల్సియసులో 39కి కొంచెము లోపలనే యుండును. కాబట్టి ఎండయే ఎక్కువ. ఒకరు బియ్యమును సేర్లలోను మరియొకరు కిలోలలోను చెప్పినప్పుడు, అంకెలు మాత్రమే చూచి ఎవరి బియ్యము ఎక్కువో తేల్చలేము గదా. ఇదియు అట్టిదే. సెల్సియసు, ఫారెన్‌హైటు అను ఈ రెండు మాటలు ఇద్దరు మనుష్యుల పేర్లు. వారిలో ముందు పుట్టినవాడును ఎక్కువ శ్రమపడినవాడునైన ఫారెన్‌హైటు సంగతి ఈ నెల వ్రాయుచున్నాము.

ఆయన పూర్తి పేరు దానియేలు గబ్రియేలు ఫారెన్‌హైటు. బైబిలు చదువువారికి ఈ రెండు పేర్లు జతగా వినగానే సంగతి జ్ఞాపకము వచ్చును. దానియేలునకు దర్శనముయొక్క భావము తెలుపుటకు పంపబడినవాడు గబ్రియేలే. తండ్రి పేరు కూడ దానియేలు. తల్లి పేరు కన్‌కార్డియా. లాటిను భాషలో ఆ మాటకు ఏకీభావము, ఐకమత్యము అని అర్థము. రెండు యంత్రములు ఒకే మాట చెప్పునట్లు చేయుటకే బ్రదుకంతయు వెచ్చించిన మనుష్యునికి తల్లి పేరు అట్లుండుట మాకు వింతగా తోచినది.

ఆయన 1686వ సంవత్సరము మే 24వ తేదీన డాన్‌జిగు పట్టణములో జన్మించెను. అది బాల్టిక్ సముద్రతీరమున నున్న గొప్ప రేవు. ఇప్పుడు పోలండు దేశములో గడాన్స్క్ అను పేరుతో నున్నది. ఆ కాలమున అక్కడివారిలో ఎక్కువమంది జర్మను భాష మాటలాడు లూథరన్ వర్తకులు. ఫారెన్‌హైటు కుటుంబమువారును వర్తకులే, కలిగినవారే. పెద్ద కుమారుని మంచి పాఠశాలలో చేర్చవలెనని తల్లిదండ్రులు తలంచియుండిరి.

1701వ సంవత్సరము ఆగస్టు 14వ తేదీన ఆ తలంపు అంతయు ముగిసిపోయెను. ఆ దినమున తల్లియు తండ్రియు ఇద్దరును చనిపోయిరి. విషపు పుట్టగొడుగులు తినుటయే కారణము. తొలకరి వానలు పడగానే చేలగట్ల మీదను పుట్టల యొద్దను పుట్టకొక్కులు ఏరి తెచ్చుకొను అలవాటు మన గ్రామములలోను కలదు. వాటిలో మంచివి ఏవో చెడ్డవి ఏవో చూపుతో తేల్చుట పెద్దలకును కష్టము, కాబట్టి ఈ మాట చదువు తల్లులు జాగ్రత్తపడవలెను. ఆ యింటిలో అయిదుగురు పిల్లలు మిగిలిరి. పెద్దవాడైన దానియేలు గబ్రియేలు వయస్సు 15 సంవత్సరములు. పట్టణమువారు సంరక్షకులను నియమించి, చిన్నపిల్లలను ఇతరుల యిండ్లలో ఉంచి, పెద్దవానిని వర్తకము నేర్చుకొనుటకు హాలండు దేశములోని ఆమ్‌స్టర్‌డాము నగరమునకు పంపిరి. చదువు ఆగిపోయెను. తోబుట్టువులు దూరమైరి.

ఆమ్‌స్టర్‌డాములో ఆయన నాలుగు సంవత్సరములు ఒక వర్తకుని యొద్ద లెక్కలు వ్రాయుట నేర్చుకొనెను. చేతిలో చిట్టాపుస్తకము ఉండెను గాని మనస్సు అందులో లేదు. ఆ నగరములో గాజుతో పనిముట్లు చేయువారు అనేకులుండిరి. వారి అంగళ్లలో ఆయన కంటికి ఇంపైన వస్తువు ఒకటి కనబడెను. సన్నని గాజుగొట్టము, దాని అడుగున చిన్న బుడ్డి, బుడ్డిలో మద్యసారము. వేడి తగిలినప్పుడు ఆ ద్రవము ఉబ్బి గొట్టములో పైకెక్కును, చల్లబడినప్పుడు క్రిందికి దిగును. ఇటలీ దేశపు ఫ్లోరెన్సు పట్టణమున ఇట్టివి అప్పటికి అరువది సంవత్సరములకు పూర్వమే చేసియుండిరి. అవియే ఆనాటి ఉష్ణమాపకములు, అనగా థర్మామీటర్లు.

వాటిలో ఒక పెద్ద లోపము ఉండెను. ఏ రెండును ఒకే మాట చెప్పవు. ఒకడు తన ఊరిలో మిక్కిలి వేడిగా నుండిన దినమును గుర్తు పెట్టి అక్కడనుండి లెక్కించును. మరియొకడు వెన్న కరుగు వేడిని గుర్తు పెట్టుకొనును. వేరొకడు లోతైన నేలమాళిగలోని చల్లదనమును ఆధారము చేసికొనును. ఒక ఊరిలో 20 అనునది మరియొక ఊరిలో 45 కావచ్చును. మన పెద్దలు ధాన్యము కొలిచిన రోజులు ఎరిగినవారికి ఇది వెంటనే తెలియును. కుంచము, మానిక, తవ్వ, సోల, గిద్దె అను పేర్లు అన్ని ఊళ్లలోను ఒకటే, గాని ఈ ఊరి కుంచము ఆ ఊరి కుంచముతో సరిపోదు. కొందరి యింట తీసికొను మానిక వేరు, ఇచ్చు మానిక వేరు. ద్వితీయోపదేశకాండములోను సామెతల గ్రంథములోను దేవుడు అసహ్యించుకొనునని చెప్పబడిన సంగతి ఇదే. అయితే ధాన్యపు కొలతలో మోసము ఉన్నది. వేడి కొలతలో మోసము లేదు, సరియైన కొలత ఎట్లు చేయవలెనో ఎవరికిని తెలియకపోవుటయే ఉన్నది. ఈ పదునెనిమిదేండ్ల అనాథ బాలుడు దానిని తన పనిగా పెట్టుకొనెను.

అందుకు డబ్బు కావలెను. తల్లిదండ్రుల ఆస్తిలో తనకు రావలసిన భాగము ఉండెను గాని వయస్సు నిండువరకు అది చేతికి రాదు. దానిని చూపి అప్పులు చేసి, గాజును పాదరసమును కొని, వర్తకుని కొలువు విడిచి వెళ్లెను. అప్పులవారు డాన్‌జిగులోని సంరక్షకులమీద పడిరి. వారికి కోపము వచ్చెను. ఈ కుర్రవానిని ఎక్కడ దొరికిన అక్కడ పట్టుకొని, డచ్చి ఈస్టిండియా కంపెనీ ఓడలో ఎక్కించి తూర్పు దేశములకు పంపివేయవలెనని 1707లో అధికారుల వలన వారంటు తెప్పించిరి.

ఇక్కడ కొంచెము ఆగవలెను. ఈ కంపెనీ మనకు పరాయిది కాదు. డచ్చివారిని మన తెలుగువారు వలందావారు అనెడివారు. 17వ శతాబ్దపు ఆరంభముననే వారు మచిలీపట్టణములో వర్తకశాల పెట్టిరి. అక్కడ వలందపాలెమను పేట నేటికిని ఉన్నది. భీమునిపట్టణములో వారి సమాధులున్నవి. మన తెలంగాణములోనే, ఖమ్మము దగ్గర నాగులవంచలో, ఆ శతాబ్దపు చివరి భాగమున వారికి వర్తకశాల యుండెను. నేతబట్టలకొరకును నీలిమందుకొరకును వారు ఇంతదూరము వచ్చిరి. అట్టి ఓడలలో ఐరోపానుండి బయలుదేరిన యువకులలో తిరిగి యింటికి చేరినవారు తక్కువ. జ్వరములు, రక్తవిరేచనములు వారిని తినివేసెను. ఆ వారంటు నెరవేరియుండినయెడల, జ్వరమును కొలుచు పనిముట్టును ప్రపంచమునకు ఇచ్చినవాడు తానే ఏదో ఒక రేవులో జ్వరముతో పోయియుండెడివాడేమో.

సంరక్షకులను దుర్మార్గులని మేము అనము. నలుగురు చిన్నపిల్లల బాధ్యత వారిమీద నుండెను. పెద్దవాడు ఉద్యోగము మానివేసి, అప్పు చేసి, గాజుగొట్టములు ఊదుకొనుచు తిరుగుచున్నాడని వినినయెడల మన ఊరి మేనమామలు మాత్రము ఏమందురు? వాడు చెడిపోయినాడనియే అందురు. ఆయన చేయుచున్న పని యొక్క విలువ ఆనాటికి ఆయనకు తప్ప ఎవరికిని కనబడలేదు.

వారంటు భయముతో ఆయన ఊరినుండి ఊరికి పోవుచుండెను. బెర్లిను, లైప్జిగు, డ్రెస్డెను, హాల్లె, కోపెన్‌హాగెను – ఇట్లు అనేక సంవత్సరములు తిరిగెను. తప్పించుకొనుట ఒక కారణము, నేర్చుకొనుట రెండవ కారణము. ఎక్కడ మంచి పనివాడున్నాడని వినినను అక్కడికి వెళ్లి చూచెడివాడు. 1708లో డెన్మార్కు రాజధానియైన కోపెన్‌హాగెనులో ఓలె రోమరు అను పెద్దమనిషిని దర్శించెను. రోమరు అప్పుడు ఆ నగరమునకు మేయరు. అంతకు ముప్పది రెండు సంవత్సరముల క్రిందట, బృహస్పతి గ్రహపు చంద్రులను కనిపెట్టి చూచి, వెలుగు ఒకచోటనుండి మరియొకచోటికి చేరుటకు కాలము పట్టునని ప్రపంచమునకు మొదట చూపినవాడు ఆయనయే. అంతటివాడు ఇంటియొద్ద థర్మామీటర్లు సరిచేయుచుండగా ఈ యువకుడు ప్రక్కన నిలిచి చూచెను.

రోమరు చేసిన పని ఏమనగా, ఎవరి ఊరి వాతావరణముమీదను ఆధారపడని గుర్తులను ఎన్నుకొనుట. మంచుగడ్డ కరుగుచున్న నీటిలో పనిముట్టును పెట్టి ఒక గీత గీయవలెను. అది డెన్మార్కులో కరిగినను సిరిసిల్లలో కరిగినను వేడి ఒక్కటే. ఆ గీతకు ఆయన 7½ అని, ఆరోగ్యవంతుని ఒంటి వేడికి 22½ అని అంకెలు పెట్టెను. ఫారెన్‌హైటునకు పద్ధతి నచ్చెను గాని సగములు నచ్చలేదు. నాలుగేసి రెట్లు చేసి 30, 90 అనెను. కొంతకాలమునకు వాటిని 32, 96 అని మార్చెను.

ఈ వింత అంకెలు ఎందుకని పిల్లలు అడుగుదురు. 32నుండి 96వరకు 64 భాగములు. నూలుపోగును సగమునకు మడిచి, మరల సగమునకు మడిచి, ఇట్లు ఆరుమారులు మడిచినయెడల 64 సమభాగములు వచ్చునని మన సిరిసిల్ల నేతవారికి చెప్పనక్కరలేదు. చేతితో గీతలు గీయు పనివానికి అది సులువు. సున్న ఎక్కడనుండి వచ్చినదనగా, మంచులో నీళ్లును, కళాయి వేయువారు వాడు నవాసారమును కలిపినయెడల మంచుకంటె ఎంతో ఎక్కువ చల్లదనము కలుగును. ఆ చల్లదనమునకు ఆయన సున్న పెట్టెను. చలికాలములో కూడ లెక్క సున్నకు క్రిందికి పోకుండుట ఆయనకు మేలుగా తోచియుండును.

1714వ సంవత్సరములో హాల్లె పట్టణమందు ఆయన పని మొదటిసారి బయటపడెను. అక్కడి విశ్వవిద్యాలయములో క్రిస్టియను వోల్ఫు అను గొప్ప పండితుడు ఉండెను. ఫారెన్‌హైటు తాను చేసిన రెండు మద్యసారపు థర్మామీటర్లను ఆయనకిచ్చెను. వోల్ఫు వాటిని ప్రక్కప్రక్కన ఉంచి చూచి ఆశ్చర్యపడెను. రెండును ఒకే గీతయొద్ద నిలిచినవి. ఎక్కడికి మార్చినను ఒకటిగానే ఎక్కినవి, ఒకటిగానే దిగినవి. అట్టి సంగతి అంతకుముందు ఆయన చూడలేదు. పండితుల పత్రికలో దానినిగూర్చి వ్రాసెను. ఇప్పుడు అంగడిలో కొనిన రెండు థర్మామీటర్లు ఒకే అంకె చూపుట మనకు వింత కాదు. ఆ దినమువరకు భూమిమీద అది వింతయే.

హాల్లె పేరు వినగానే మన సంఘస్థులలో చదివినవారికి మరియొక సంగతి తోచును. ఫ్రాంకె అను దైవజనుడు అనాథ పిల్లలకు ఆశ్రమము స్థాపించినది ఆ ఊరిలోనే. తరంగంబాడికి వచ్చిన తొలి ప్రొటెస్టంటు మిషనరీల వెనుక నిలిచినది ఆ ఊరే. అక్కడ చదివి 1719లో మన దేశమునకు వచ్చిన బెంజమిను షుల్జు తరువాత మద్రాసుకు చేరి, తెలుగు నేర్చి, బైబిలును తెలుగులోనికి తర్జుమా చేసెను. అది అచ్చుకాకుండనే నిలిచిపోయెను. రెండు థర్మామీటర్లు ఒకే మాట చెప్పిన ఊరినుండియే మన భాషలో తొలి బైబిలు తర్జుమాకు పూనుకొనినవాడు బయలుదేరెనని తెలిసికొనుట మాకు సంతోషము.

అంతటితో ఫారెన్‌హైటు తృప్తిపడలేదు. మద్యసారము త్వరగా మరుగును. నీళ్లు మరుగు వేడికి చాల ముందే అది ఆవిరియగును, గనుక దానితో మరుగు నీటిని కొలువలేము. పాదరసమైతే గొప్ప చలిలోను గడ్డకట్టదు, మరుగు నీటిలోను ఆవిరికాదు, గాజునకు అంటుకొనదు, వేడికి సమముగా ఉబ్బును. పాదరసమును వాడవలెనని ఇతరులును తలంచిరి గాని, మురికి పాదరసము గొట్టములో తునకలు తునకలుగా నిలిచిపోయెడిది. ఫారెన్‌హైటు దానిని శుభ్రము చేయు విధమును కనుగొనెను. గాజును తానే ఊదెను. గుండ్రని బుడ్డికి బదులు పొడవైన బుడ్డిని చేసెను, అందువలన వేడి త్వరగా లోపలికి చేరును. ఇప్పటికిని పాత జ్వరపు థర్మామీటరు మొనను చూచినయెడల ఆ ఆకారమే కనబడును. తాను కనుగొనిన పద్ధతిని అనేక సంవత్సరములు ఎవరికిని చెప్పలేదు. కొందరు దీనిని తప్పుపట్టుదురు. ఆ పనిముట్లు అమ్మగా వచ్చిన డబ్బే ఆయన అన్నము. కడుపు నిండినవారు ఆయనను నిందించుట సులువు.

1717 ప్రాంతమున ఆయన తిరిగి ఆమ్‌స్టర్‌డాములో స్థిరపడెను. గాజు పనిముట్లు చేసి అమ్ముచు, రసాయనశాస్త్రమును గూర్చి ఉపన్యాసములు చెప్పుచు బ్రదికెను. వివాహము చేసికొనలేదు. లైడెను పట్టణమున బోర్హావె అను వైద్యుడుండెను, ఐరోపాలో ఆ కాలపు వైద్యులందరికిని ఆయనయే గురువువంటివాడు. ఆయన అడుగగా ఫారెన్‌హైటు రెండు థర్మామీటర్లు చేసి ఇచ్చెను, ఒకటి మద్యసారముది, ఒకటి పాదరసముది. వైద్యుడు పరీక్షించి చూడగా రెంటికిని స్వల్పమైన తేడా కనబడెను. ఆ సంగతి తెలిసినప్పుడు ఫారెన్‌హైటు కోపపడలేదు, వైద్యుని చూపును తప్పనలేదు. ఆలోచించి, రెండు గొట్టములును వేర్వేరు చోట్ల చేసిన గాజుతో చేయబడినవనియు, ఒక్కొక్క గాజు వేడికి ఒక్కొక్క విధముగా పెరుగుననియు కారణము చెప్పెను. మా దృష్టికి ఆయన జీవితములో ఇదియే గొప్ప ఘట్టము. తన చేతి పనిలో లోపము చూపబడినప్పుడు దానినుండి ఒక క్రొత్త సంగతి నేర్చుకొనగలవారు ఎందరు?

1724లో ఆయన లండనుకు వెళ్లెను. అక్కడి రాయల్ సొసైటీవారు ఆయనను తమ సభ్యునిగా ఎన్నుకొనిరి. బడి చదువు ముగించని మనిషికి అది సామాన్యమైన గౌరవము కాదు. ఆ సంవత్సరమే లాటిను భాషలో అయిదు చిన్న వ్యాసములు ప్రకటించెను. జీవితమంతటిలో ఆయన ప్రకటించినవి అవియే. నీళ్లు 212 డిగ్రీలయొద్ద మరుగుననియు, గాలి ఒత్తిడి మారినప్పుడు ఆ మరుగు వేడియు మారుననియు చూపెను. ఎత్తైన కొండలమీద అన్నము ఉడుకుటకు ఆలస్యమగుట ఇందువలననే. మరియొక వింత కూడ చూపెను. గాలి తీసివేసి మూసిన గాజుబుడ్డిలోని నీళ్లు, గడ్డకట్టవలసిన చలికంటె ఎక్కువ చలిలోను ఒక రాత్రియంతయు నీళ్లుగానే యుండి, కదిలించిన వెంటనే మంచు ముక్కలతో నిండెను.

ఇంతకును జ్వరము మాట ఏమైనది? పేతురు అత్త జ్వరముతో పడియున్న సంగతి మనకు తెలియును. వైద్యుడైన లూకా దానిని వ్రాయునప్పుడు అది పెద్ద జ్వరమని మాత్రము వ్రాసెను. అంతకంటె చెప్పుటకు ఆ కాలపు వైద్యునికి సాధనము లేదు. తరువాత పదునారు వందల సంవత్సరములు గడిచినను చేతి వెనుక భాగమును నుదుటిమీద పెట్టి చూచుటయే. ఎండలోనుండి వచ్చిన చేతికి ఒకటిగా తోచును, బావినీళ్లు తోడిన చేతికి మరియొకటిగా తోచును. ఫారెన్‌హైటు పనిముట్టు వచ్చిన పిమ్మట బోర్హావె శిష్యులు కొందరు దానిని రోగులకు వాడిరి, గాని అది పొడవైనది, చాల సేపు ఉంచవలసినది. 1860లలో ఇంగ్లండులో ఆల్బట్టు అను వైద్యుడు ఆరు అంగుళముల చిన్న థర్మామీటరు తెచ్చెను, అయిదు నిమిషములలో జ్వరము తెలియును. 1868లో జర్మనీ దేశమున వుండర్లిఖు అను వైద్యుడు వేలకొలది రోగులను పరీక్షించి, ఆరోగ్యవంతుని వేడి సెల్సియసులో 37 అని వ్రాసెను. దానిని ఫారెన్‌హైటులోనికి మార్చగా వచ్చినదే మనము కంఠస్థము చేసిన 98.6. ఫారెన్‌హైటు తాను 96 అని పెట్టినది గీతలు గీయు సౌకర్యమునకు, ఆయన కొలతను తరువాతివారు మంచు, మరుగు నీరు అను రెండు గుర్తులకు కట్టి సరిచేసిరి. 98.6 కూడ అందరికిని ఖచ్చితమైన గీత కాదు. ఉదయము కొంచెము తక్కువగాను సాయంకాలము కొంచెము ఎక్కువగాను ఉండును, సగటు ఇంకను కొంచెము తక్కువయే అని ఇటీవలి పరిశీలనలు చూపుచున్నవి.

సెల్సియసునుగూర్చి రెండు మాటలు చెప్పవలెను. ఆండర్సు సెల్సియసు స్వీడను దేశపు ఖగోళ పండితుడు. ఫారెన్‌హైటు తల్లిదండ్రులు చనిపోయిన 1701లోనే పుట్టెను. 1742లో మంచునకును మరుగు నీటికిని నడుమ నూరు భాగములు పెట్టెను. అయితే ఆయన మరుగు నీటికి సున్న అని, మంచునకు 100 అని తలక్రిందులుగా పెట్టెను. 1744లో క్షయరోగముతో ఆయన పోయిన పిమ్మట ఇతరులు దానిని త్రిప్పి ఇప్పటివలె చేసిరి. తరువాత 1848లో బ్రిటను పండితుడు కెల్విను, ఇంతకంటె చల్లదనము ఉండజాలదు అను స్థానమునుండి లెక్కించు కొలత చెప్పెను. అది మన యిండ్లలో వాడుకకు రాదు.

మన దేశములో 1956లో తూనికలు కొలతల చట్టము వచ్చి, సేర్లు, వీశెలు పోయి కిలోలు వచ్చినవి. ఎండ లెక్కయు సెల్సియసుకు మారెను. గాని జ్వరము మాత్రము ఫారెన్‌హైటులోనే నిలిచెను. వైద్యునికిని తల్లికిని నడుమ నోటి అలవాటుగా వచ్చినదానిని చట్టము మార్చలేకపోయెను. నేడు ఫారెన్‌హైటును అన్నిటికిని వాడు పెద్ద దేశము అమెరికా ఒకటే.

రెండు కొలతలు ఒకే యింట ఉండుటలో అపాయము కలదు. మన సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోయినవారు ఎందరో. అక్కడ జ్వరమును సెల్సియసులోనే చెప్పుదురు. మేమెరిగిన ఒక తల్లికి కుమారుడు అక్కడనుండి ఫోను చేసి, తనకు జ్వరము 39 ఉన్నదని చెప్పెను. ఇక్కడ 102, 103 అను లెక్కకు అలవాటుపడిన ఆమె, 39 అనగా ఏమంత ఎక్కువని తలంచి, కషాయము త్రాగి పండుకొనుమని చెప్పెను. 39 అనగా మన లెక్కలో 102కి పైన. మూడవ దినమున అతని గదిలోని స్నేహితులు ఆసుపత్రికి చేర్చిరి. దేవుని కృపవలన కోలుకొనెను. ఇప్పుడు మన అంగళ్లలో దొరకు బ్యాటరీ థర్మామీటర్లు కొన్ని రెండు కొలతలలోను చూపును, మీట నొక్కగానే మారిపోవును. అంకె ప్రక్కన సి అను ఇంగ్లీషు అక్షరమున్నదో ఎఫ్ అను అక్షరమున్నదో చూడవలెను. సెల్సియసు 37 అనగా 98.6, 38 అనగా 100.4, 39 అనగా 102.2, 40 అనగా 104. ఈ నాలుగింటిని ఇంటి గోడమీద వ్రాసికొనిన చాలును. పాత పాదరసపు థర్మామీటరు పగిలినయెడల ఆ మెరయు గుండ్లను పిల్లలు చేతితో ముట్టకుండ చూడవలెను, పాదరసము విషము. అందుచేతనే దేశదేశములవారు దానిని క్రమముగా మానుచున్నారు.

ఇక ఆయన చివరి దినముల సంగతి. హాలండు దేశము చాలవరకు సముద్రమట్టముకంటె పల్లము, పొలములలోనికి నీళ్లు ఊరుచుండును. ఆ నీటిని తోడివేయు ఒక యంత్రమును ఫారెన్‌హైటు ఆలోచించెను. దానికి హక్కుపత్రము సంపాదించుటకై 1736 ఆగస్టులో హేగు నగరమునకు వెళ్లి, తెలిసినవారి యింట దిగెను. సెప్టెంబరు ఆరంభములో జబ్బుపడెను. 7వ తేదీన వ్రాయసకాని పిలిపించి వీలునామా వ్రాయించెను, 11వ తేదీన మరల పిలిపించి కొన్ని మార్పులు చేయించెను. 16వ తేదీన కన్నుమూసెను. వయస్సు 50 సంవత్సరములు. యంత్రము పూర్తికాలేదు.

నాలుగు దినముల తరువాత ఆ నగరములోని క్లోస్టెర్కెర్క్ అను దేవాలయములో ఆయనను పాతిపెట్టిరి. ఆనాటి భూస్థాపనలకు తరగతులుండెను. ఆయనకు జరిగినది నాలుగవ తరగతి, ఏమియు లేని బీదలకు చేయునది. ఆయన స్వహస్తముతో చేసిన పాదరసపు థర్మామీటర్లలో మూడు మాత్రమే నిలిచియున్నవని చెప్పుదురు. రెండు లైడెను పట్టణమున, ఆ వైద్యుడైన బోర్హావె పేరుగల వస్తుప్రదర్శనశాలలో ఉన్నవి. మూడవదానిని 2012లో లండనులో వేలము వేయగా అరువది వేల పౌండ్లకు మించి పలికెను.